ధ్రువ సముద్రాల పైనీటిలో బ్యాక్టీరియా: మంచు తగ్గితే వాటి లెక్క ఎలా మారుతోంది?

భూమికి పైకొసన ఆర్కిటిక్ సముద్రం, కింది కొసన అంటార్కిటికా ఖండం చుట్టూ దక్షిణ మహాసముద్రం ఉన్నాయి. ఈ రెండు ధ్రువ సముద్రాల పైనీటిలో ఒక మిల్లీలీటరు తీసుకుంటే, అంటే ఇంచుమించు ఇరవై చుక్కలు, అందులో లక్ష నుంచి పది లక్షల దాకా బ్యాక్టీరియా ఉంటాయి. ఆ నీటి చలి సున్నా డిగ్రీలకు అటూ ఇటూ. అంత చలిలో అవి ఏం తింటాయి, ఏం చేస్తాయి, వాతావరణం వేడెక్కుతున్నకొద్దీ వాటి పనిలో ఏం మార్పు వస్తోంది అన్నది ఈ వ్యాసం విషయం.

దీన్ని రాయడానికి కారణం మా సంఘంలో ఆదివారం జరిగే తెలుగు తరగతి. బడిలో ఇంగ్లీషు, వీధిలో ఆ రాష్ట్ర భాష, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు వస్తారు. ఒకరోజు ధ్రువపు మంచు గురించి పాఠం చదువుతుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. "తాతా, పాలు ఫ్రిజ్‌లో పెడితే బ్యాక్టీరియా పనిచేయదు కాబట్టే కదా విరగవు? మరి ఆ సముద్రం ఫ్రిజ్ కంటే చల్లగా ఉంటే అక్కడ బ్యాక్టీరియాకి పనేముంది?" అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాత చదివి తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నాను. బళ్లారి, హోసూరు, బరంపురం, షోలాపూరు, యానాం, ఎక్కడ ఉన్నవారైనా ఇంట్లో పిల్లలతో కలిసి చదువుకోవచ్చు.

ముందుగా కొన్ని మాటలు

వేరే భాషా మాధ్యమంలో చదువుకున్నవారి కోసం ఈ వ్యాసంలో పదేపదే వచ్చే మాటలు.

పైనీరు: సముద్రంలో ఎండ చొరబడగలిగే పైపొర. చోటును బట్టి కొన్ని పదుల మీటర్ల నుంచి వంద మీటర్లకు పైగా ఉంటుంది.

సముద్రపు మంచు: ఉప్పునీరు గడ్డకట్టగా ఏర్పడిన మంచు. సముద్రపు నీరు సున్నా దగ్గర కాక, మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. నేల మీది హిమానీనదాల నుంచి విరిగిపడే మంచుకొండలు వేరు, ఇది వేరు.

వృక్షప్లవకాలు: నీటిలో తేలుతూ ఎండతో ఆహారం తయారుచేసుకునే అతి చిన్న నాచు జీవులు. వాటిలో గాజు వంటి పెంకు కలిగినవి డయాటమ్‌లు. సముద్రంలో పచ్చికబయలు ఇవే.

క్రిల్: రొయ్యను పోలిన చిన్న జీవి. డయాటమ్‌లను తిని బతుకుతుంది. పెంగ్విన్లు, సీళ్లు, తిమింగలాలు దాన్ని తింటాయి.

కరిగిన సేంద్రియ పదార్థం: నాచు జీవులు ఊరుతూ, చస్తూ నీటిలోకి వదిలే చక్కెరలు, ప్రోటీన్లు మొదలైనవి. కంటికి కనబడదు. సముద్రపు బ్యాక్టీరియాకు ప్రధానమైన తిండి ఇదే.

చలిలో ఎలా బతుకుతాయి?

చలికాలంలో పెరుగు ఆలస్యంగా తోడుకుంటుందని, ఇడ్లీ పిండి త్వరగా పొంగదని మన ఇళ్లలో అందరికీ తెలుసు. పెరుగు చేసే బ్యాక్టీరియా వెచ్చదనానికి అలవాటుపడ్డవి. చలి తగిలితే వాటి పని మందగిస్తుంది. ధ్రువ సముద్రపు బ్యాక్టీరియా అలాంటివి కావు. అవి చలిలోనే పుట్టి చలికే కుదిరిన జాతులు. వాటిలో కొన్నిటిని మన ఇంటి వెచ్చదనంలో ఉంచితే బతకలేవు.

ఈ కుదురుబాటు మూడు విధాలుగా ఉంటుంది. మొదటిది పొర. ప్రతి బ్యాక్టీరియా చుట్టూ కొవ్వుతో చేసిన పలుచని పొర ఉంటుంది. చలికి అది బిగుసుకుపోతే లోపలికి తిండి రాదు. చలికాలంలో నెయ్యి, కొబ్బరినూనె గడ్డకడతాయి గాని నువ్వుల నూనె గడ్డకట్టదు. కొవ్వులలో రకాల తేడా వల్లే అలా జరుగుతుంది. చలి బ్యాక్టీరియా తమ పొరలో నువ్వుల నూనె తరహా కొవ్వులను, అంటే అసంతృప్త కొవ్వు ఆమ్లాలను ఎక్కువగా పెట్టుకుంటాయి.

రెండవది ఎంజైములు. తిండిని విరగ్గొట్టే ఈ ప్రోటీన్లు చలి జాతులలో మరింత వదులుగా, సులువుగా వంగేలా ఉంటాయి. అందుకే తక్కువ వేడిలో కూడా పనిచేస్తాయి. అదే గుణం వల్ల వేడి కాస్త పెరిగితే తొందరగా చెడిపోతాయి కూడా.

మూడవది రక్షణ. సముద్రపు నీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పు మంచులో ఇమడదు. అది సన్నని కాలువలలో చిక్కటి ఉప్పునీరుగా మిగిలిపోతుంది. శీతాకాలంలో ఆ కాలువలలో చలి మైనస్ 10 డిగ్రీలను కూడా దాటుతుంది. అక్కడ చిక్కుకున్న బ్యాక్టీరియా జిగురు వంటి పదార్థాన్ని చుట్టూ ఊరించుకుంటాయి. మంచు పలుకులు పెరగకుండా అడ్డుకునే ప్రోటీన్లను కొన్ని తయారుచేసుకుంటాయి. ఎండాకాలం మంచు కరిగినప్పుడు వాటిలో కొన్ని పైనీటిలో కలుస్తాయి.

ఎవరెవరున్నారో ఎలా తెలిసింది?

పాత పద్ధతిలో సముద్రపు నీటిని పోషక పదార్థం పూసిన గాజు పళ్లెం మీద వేసి, మొలిచిన బ్యాక్టీరియాను లెక్కపెట్టేవారు. సూక్ష్మదర్శినిలో కనిపించే సంఖ్యతో పోలిస్తే అలా మొలిచేవి నూటికి ఒకటి కూడా ఉండేవి కావు. మిగతావాటి పేరేమిటో, పనేమిటో తెలియదు.

ఆ తర్వాత నీటి నుంచి నేరుగా డీఎన్‌ఏ తీసి చదివే పద్ధతి వచ్చింది. స్టీఫెన్ జియోవనోని బృందం అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రపు నీటిలో ఇలా చదివి, అంతవరకు ఎవరూ పెంచని ఒక బ్యాక్టీరియా వర్గాన్ని 1990లో ప్రకటించింది. దానికి ఎస్ఏఆర్ 11 అని పేరు. ప్రయోగశాలలో దాన్ని పెంచగలిగింది 2002లో. ప్రపంచ సముద్రాల పైనీటిలో ఉన్న కణాలలో ఇంచుమించు నాలుగో వంతు ఈ వర్గానివే అని అంచనా. ధ్రువ సముద్రాలలో కూడా ఇది ఉంది.

మరి రెండు ధ్రువాల బ్యాక్టీరియా ఒకటేనా? రెండు చోట్లా చలి ఒకటే, ఆరునెలల చీకటి వెలుగులు ఒకటే. అయినా 2012లో వెలువడిన ఒక పెద్ద పోలిక అధ్యయనంలో దక్షిణ మహాసముద్రపు రకాలలో సుమారు 78 శాతం అక్కడికే ప్రత్యేకమని, ఆర్కిటిక్ రకాలలో సుమారు 70 శాతం అక్కడికే ప్రత్యేకమని తేలింది. కాబట్టి ఒక ధ్రువంలో జరిగినట్టే రెండోదానిలోనూ జరుగుతుందని అనుకోవడానికి లేదు. ఈ వ్యాసంలో రెండింటిని విడివిడిగా చెప్పడానికి కారణం ఇదే.

అంటార్కిటికా పైనీటిలో ఒక సంవత్సరం

దక్షిణార్ధగోళంలో మనకు ఎండాకాలమైన మే, జూన్ అక్కడ శీతాకాలపు ప్రవేశం. ఎండ పోతుంది, మంచు కప్పుతుంది, వృక్షప్లవకాలకు పని ఉండదు. అప్పుడు పైనీటిలో ఉండేది కొద్దితో సరిపెట్టుకునే జాతులు. ఎస్ఏఆర్ 11 వాటిలో ముఖ్యం. దానితోపాటు ఆర్కియా అనే మరో కోవ సూక్ష్మజీవులు ఉంటాయి. వీటిలో కొన్ని ఎండ మీద ఆధారపడకుండా నీటిలోని అమ్మోనియాను మార్చి శక్తి పొందుతాయి. శీతాకాలపు పైనీటిలో గట్టిగానే కనిపించే ఈ ఆర్కియా వేసవికి పైపొరలో దాదాపు మాయమవుతాయి.

అక్టోబరు, నవంబరులో ఎండ తిరిగి వస్తుంది. మంచు అంచు వెనక్కి జరుగుతుంది. కరిగిన నీరు తేలిక కాబట్టి పైన ఒక పొరగా నిలుస్తుంది. ఆ పొరలో చిక్కిన డయాటమ్‌లకు వెలుగు పుష్కలంగా దొరికి ఒక్కసారిగా విరగబూస్తాయి. అవి విడిచిన చక్కెరల కోసం వేరే వర్గం బ్యాక్టీరియా దిగుతుంది. పోలారిబాక్టర్ వంటివి పెద్ద చక్కెర గొలుసులను ముక్కలు చేయడంలో ఆరితేరినవి. ఆ ముక్కలతో బతికే రోసియోబాక్టర్ వర్గం, గామా వర్గం వాటి వెంట పెరుగుతాయి. పెళ్లి భోజనంలో పంక్తి తర్వాత పంక్తి లేచినట్టు, ఒకరు వదిలినది మరొకరికి అందుతుంది. తిండి అయిపోయాక మళ్లీ కొద్దితో సరిపెట్టుకునేవారే మిగులుతారు.

ఈ వరుస ఏకపక్షం కాదు. కొన్ని బ్యాక్టీరియా నాచు జీవులకు తిరిగి మేలు చేస్తాయి. అంటార్కిటికాలోని మెక్‌మర్డో సౌండ్ అనే చోట మంచు అంచు దగ్గర ప్రయోగాలు చేసి, అక్కడి వృక్షప్లవకాలకు ఇనుముతోపాటు బీ12 విటమిన్ కూడా చాలడం లేదని, ఆ విటమిన్‌ను అందించేది బ్యాక్టీరియాయేనని 2015లో వెల్లడించారు. బీ12 మనుషులకు కరువైనట్టే నాచుకూ కరువవుతుందన్నమాట.

పామర్ స్టేషన్ రిజిస్టరు

ఈ వరుస వాతావరణంతోపాటు ఎలా మారుతోందో చెప్పాలంటే ఏళ్ల తరబడి ఒకే చోట కొలిచిన లెక్కలు కావాలి. అలాంటి చోటు అంటార్కిటికా ద్వీపకల్పపు పడమటి తీరంలో ఉంది. అక్కడి ఆన్వర్స్ దీవి మీద అమెరికాకు చెందిన పామర్ స్టేషన్ ఉంది. దీర్ఘకాల పరిశీలన కార్యక్రమం 1990లో మొదలైంది. వేసవిలో వాతావరణం అనుకూలిస్తే వారానికి రెండుసార్లు రబ్బరు పడవలో వెళ్లి నీరు తెస్తారు. ఇది కాక ప్రతి జనవరిలో ఓడ మీద తీరం పొడవునా కొలతలు తీస్తారు. బ్యాక్టీరియా ఎన్ని ఉన్నాయో యంత్రంతో లెక్కిస్తారు. అవి ఎంత వేగంగా పెరుగుతున్నాయో తెలుసుకోవడానికి గుర్తు పెట్టిన ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని నీటిలో కలిపి, ఎంత లోపలికి తీసుకున్నాయో చూస్తారు.

ఈ తీరంలో మార్పు మామూలుది కాదు. 1950 తర్వాతి అర్ధ శతాబ్దంలో శీతాకాలపు గాలి సుమారు 5 డిగ్రీలు వేడెక్కింది. 1990ల చివరి నుంచి కొన్నేళ్లు ఆ వేగం తగ్గినా మంచు మీద పడిన దెబ్బ మిగిలింది. ఉపగ్రహ లెక్కలు మొదలైన 1979 తర్వాత మూడు దశాబ్దాలలో ఏడాదికి మంచు నిలిచే కాలం అక్కడ సుమారు మూడు నెలలు తగ్గింది. పామర్ చుట్టుపక్కల 1970లలో అడెలీ పెంగ్విన్ల జంటలు సుమారు 15,000 ఉండేవి. తర్వాత వాటిలో ఐదింట నాలుగు వంతులకు పైగా తగ్గిపోయాయి.

పెంగ్విన్ కనపడుతుంది కాబట్టి దాని సంగతి వార్తల్లోకి వస్తుంది. దాని కిందనున్న మెట్లలో ఏం జరిగిందో చూడాలి. ఉపగ్రహ చిత్రాలతో నీటి పచ్చదనాన్ని కొలిచి, ఈ తీరంలో మూడు దశాబ్దాలలో వృక్షప్లవకాలు మొత్తం మీద 12 శాతం తగ్గాయని 2009లో చెప్పారు. అయితే తీరమంతా ఒకే రీతి లేదు. ఉత్తర భాగంలో మంచు కప్పు పోయి గాలి నీటిని బాగా కలియబెట్టింది. నాచు కణాలు లోతుకు పోయి వెలుగు అందక తగ్గాయి. దక్షిణ భాగంలో ఎప్పుడూ మంచు కింద ఉండే నీటికి మొదటిసారి ఎండ తగిలి అవి పెరిగాయి. ఇంకొక మార్పు ఏమిటంటే కరిగిన మంచినీరు ఎక్కువ కలిసిన చోట పెద్ద డయాటమ్‌లకు బదులు క్రిప్టోఫైట్లు అనే చిన్న నాచు కణాలు పెరుగుతాయి. క్రిల్‌కు వీటిని జల్లించి తినడం కష్టం. క్రిల్ నోటికి అందనిది పెంగ్విన్‌కు అందదు.

క్రిల్‌కు అందని ఆ తిండి ఎవరికి పోతుంది? ఇక్కడే బ్యాక్టీరియా లెక్కకు వస్తుంది.

అడ్డొచ్చేది చలా, తిండి కొరతా?

1983లో ఫారూక్ అజమ్, ఆయన సహచరులు సముద్రంలో ఒక పక్కదారి ఉందని సిద్ధాంతీకరించారు. నాచు విడిచిన కరిగిన పదార్థాన్ని బ్యాక్టీరియా తింటుంది. బ్యాక్టీరియాను అతి చిన్న ఏకకణ జీవులు తింటాయి. వాటిని ఇంకాస్త పెద్దవి తింటాయి. ప్రతి మెట్టులోనూ తిన్నదానిలో ఎక్కువ భాగం శ్వాసగా పోతుంది. నాచు, క్రిల్, పెంగ్విన్ అనే మూడు మెట్ల దారిలో పై జీవికి చాలా మిగులుతుంది. బ్యాక్టీరియా గుండా పోయే మెట్లు ఎక్కువ దారిలో కొద్దే మిగులుతుంది. మిగతాది కార్బన్ డయాక్సైడ్‌గా మారి నీటిలోకే చేరుతుంది.

చాలా సముద్రాలలో బ్యాక్టీరియా పెరుగుదల వృక్షప్లవకాల ఉత్పత్తిలో 10 నుంచి 20 శాతం ఉంటుంది. పామర్ ప్రాంతంలో కొలిస్తే సగటున 4 శాతమే వచ్చింది. ఇది వాటి ఒంట్లో చేరిన భాగం మాత్రమే. శ్వాసకు ఖర్చు చేసుకున్నది కూడా కలిపితే అవి తిన్నది దీనికి కొన్ని రెట్లు. అయినా పోలికలో వాటా తక్కువే. అంటార్కిటికా జలాలు అన్ని పెంగ్విన్లను, తిమింగలాలను పోషించగలగడానికి ఇదొక కారణం. పైనుంచి వచ్చే సొమ్ములో మధ్యలో తరుగు తక్కువ.

ఈ తరుగు ఎందుకు తక్కువ? చలి వల్ల అయితే వేడెక్కగానే పెరగాలి. మామూలుగా పది డిగ్రీలు పెరిగితే జీవక్రియ రెండింతలవుతుందని అంచనా. ధ్రువ జలాలు ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కితే ఆ లెక్క ప్రకారం పెరుగుదల స్వల్పం. పామర్ లెక్కలు చూస్తే బ్యాక్టీరియా పెరుగుదల నీటి వేడితో కంటే నాచు పరిమాణంతో ఎక్కువగా కలిసి నడుస్తోంది. అంటే తిండి కొరత ప్రధానం. చలి, కొరత ఒకదానినొకటి బిగించడం కూడా ఉంది. చలిలో తిండిని లోపలికి లాక్కోవడం కష్టం కాబట్టి, అదే పని చేయడానికి ఎక్కువ చిక్కటి తిండి కావాలి.

పెరుగు పోలికే మళ్లీ చూస్తే, వంటింట్లో వేడి ఒక డిగ్రీ పెరిగిందా అన్నది కాదు, గిన్నెలో పాలెన్ని పోశారు, ఏ పాలు పోశారు అన్నది ముఖ్యం. వాతావరణం బ్యాక్టీరియాను నేరుగా తాకుతున్న దానికంటే మంచు, గాలి, నాచు మీదుగా తాకుతున్నదే ఎక్కువ. నాకు ఈ విషయంలో అర్థమైన ముఖ్యమైన మాట ఇదే.

ఇంకొకటి కూడా తెలిసింది. టారా అనే పరిశోధక పడవ 2013లో ఆర్కిటిక్ చుట్టూ తిరిగి నమూనాలు తెచ్చింది. వాటిని వెచ్చటి సముద్రాల నమూనాలతో కలిపి 2019లో పోల్చారు. ఆఫీసులో పని మారితే ఉన్న గుమాస్తాకే కొత్త పని నేర్పడం ఒక పద్ధతి, అతన్ని బదిలీ చేసి వేరొకరిని వేయడం మరో పద్ధతి. వెచ్చటి సముద్రాలలో రెండూ జరుగుతాయి. ధ్రువ జలాలలో మాత్రం బదిలీలే ప్రధానం. పరిస్థితి మారినప్పుడు ఉన్న జాతులు సర్దుకోవడం కంటే ఒక జాతి పోయి ఇంకొకటి రావడమే అక్కడ ఎక్కువ. అంటే వేడెక్కుతున్న ధ్రువ సముద్రంలో జాతుల పట్టికే మారిపోయే అవకాశం ఉంది.

ఆర్కిటిక్ సంగతి వేరు

అంటార్కిటికా సముద్రం మధ్యలో ఉన్న నేల. ఆర్కిటిక్ నేల మధ్యలో ఉన్న సముద్రం. ప్రపంచ సముద్రజలంలో అది సుమారు ఒక శాతమే అయినా ప్రపంచ నదుల నీటిలో పదో వంతుకు పైగా అందులోకే చేరుతుంది. సైబీరియాలోని ఓబ్, యెనిసెయ్, లెనా, కెనడాలోని మెకెంజీ వాటిలో పెద్దవి. ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేల కరిగేకొద్దీ ఆ నదులు పాత మట్టి, సేంద్రియ పదార్థం మోసుకొస్తాయి. అది బ్యాక్టీరియాకు అదనపు తిండి. అక్కడి సొంత నాచుతో సంబంధం లేకుండా వచ్చే తిండి.

1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ ప్రాంతం ప్రపంచ సగటు కంటే సుమారు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. వేసవి చివర మిగిలే మంచు 2012 సెప్టెంబరులో సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. ఉపగ్రహ లెక్కలలో అదే అతి తక్కువ.

కెనడా వైపు లోతట్టు సముద్రంలో 2004 నుంచి 2008 వరకు తీసిన కొలతలు ఒక మార్పును చూపించాయి. కరిగిన మంచు, నదుల నీరు కలిసి పైనీరు తేలికపడింది. కింది ఉప్పునీటితో కలవడం తగ్గింది. కింద నుంచి రావలసిన నత్రజని లవణాలు అందలేదు. ఎరువు తగ్గితే పెద్ద పైరు రాదు, చిన్న గడ్డి వస్తుంది. అలాగే పెద్ద నాచు కణాలు తగ్గి అతి చిన్నవి పెరిగాయి. వాటితోపాటు బ్యాక్టీరియా సంఖ్య కూడా పెరిగింది. పై జీవులకు అందే భాగం తగ్గి, బ్యాక్టీరియా పక్కదారికి పోయే భాగం పెరిగే దిశ ఇది.

అట్లాంటిక్ వైపు ఇంకొక మార్పు ఉంది. స్వాల్బార్డ్ దీవుల పడమటగా ఉత్తరానికి పోయే వెచ్చటి ప్రవాహంతోపాటు దక్షిణాది జాతులు పైకి వస్తున్నాయి. సైనెకోకాకస్ అనే, ఎండతో ఆహారం చేసుకునే బ్యాక్టీరియా వెచ్చటి సముద్రాలది. ధ్రువ జలాలలో అది దాదాపు ఉండదని పుస్తకాలు చెప్పేవి. ఇటీవలి సంవత్సరాలలో స్వాల్బార్డ్‌కు ఉత్తరాన, 82 డిగ్రీల అక్షాంశం దాటాక కూడా అది కనిపించింది.

ఆర్కిటిక్ చీకటి కాలంలో ఏం జరుగుతుందో చూడటం అంత సులువు కాదు. జర్మనీ ఓడ పోలార్‌స్టెర్న్‌ను 2019 శరత్కాలంలో కావాలనే మంచులో ఇరికించి, మంచుతోపాటు కొట్టుకుపోనిచ్చారు. సుమారు ఏడాది పాటు సాగిన ఈ మోజాయిక్ యాత్రలో నీరు, మంచు, వాటిలోని సూక్ష్మజీవులను అన్ని రుతువుల్లోనూ కొలిచారు.

ఇంత దూరపు సంగతి మనకెందుకు?

మనం మండించే బొగ్గు, పెట్రోలు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు నాలుగో వంతును సముద్రాలు పీల్చుకుంటున్నాయి. ఆ పీల్చుకున్నదానిలో సుమారు 40 శాతం దక్షిణ మహాసముద్రం వాటా. ఎక్కువ భాగం చల్లటి నీటిలో కరిగిపోవడం వల్ల జరుగుతుంది. నాచు జీవులు కార్బన్‌ను ఆహారంగా మార్చి, వాటి శవాలు, క్రిల్ మలం లోతుకు దిగిపోవడం వల్ల ఇంకొంత నీటి అడుగుకు చేరుతుంది. అలా దిగినది వందల ఏళ్లు పైకి రాకుండా ఉండవచ్చు. పైనీటిలోనే బ్యాక్టీరియా తినేస్తే అది మళ్లీ గాలికి తిరిగి వచ్చే అవకాశం ఉంది.

సముద్రజలంలో కరిగి ఉన్న సేంద్రియ కార్బన్ మొత్తం సుమారు 66,000 కోట్ల టన్నులు. వాతావరణంలో కార్బన్ డయాక్సైడ్‌గా ఉన్న కార్బన్‌తో పోల్చదగినంత. ఈ పెద్ద ఖాతాలో జమ వేసేది నాచు, ఖర్చు రాసేది బ్యాక్టీరియా. ధ్రువాల దగ్గర ఖర్చు శాతం కాస్త పెరిగినా దాని అర్థం లోతుకు దిగేది తగ్గడం, పై జీవులకు మిగిలేది తగ్గడం.

దీనికి ఎదురు లెక్కలు కూడా ఉన్నాయి. బ్యాక్టీరియా పెరిగితే వాటి మీద వైరసులు పెరుగుతాయి. సముద్రపు నీటిలో ఒక్కో బ్యాక్టీరియాకు సుమారు పది వైరస్ కణాలు ఉంటాయి. అవి బ్యాక్టీరియాను పగలగొట్టినప్పుడు ఆ పదార్థం మళ్లీ కరిగిన తిండిలో చేరుతుంది. క్రిల్ తగ్గిన చోట సాల్ప్‌లు అనే జెల్లీ వంటి జీవులు పెరగవచ్చు. అవి చిన్న నాచును కూడా జల్లించి తింటాయి, వాటి బరువైన మలం వేగంగా లోతుకు దిగుతుంది. ఏ వైపు తూగుతుందన్నది చోటును బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది.

తొందర ఎందుకంటే పరిస్థితి ఆగడం లేదు. 2016 నుంచి అంటార్కిటికా మంచు కూడా తగ్గుముఖం పట్టింది. 2023 ఫిబ్రవరిలో అది సుమారు 18 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయి అంతకుముందున్న కనిష్ఠాన్ని దాటింది. అదే ఏడాది సెప్టెంబరులో, శీతాకాలపు గరిష్ఠం కూడా ఉపగ్రహ లెక్కలలో అన్నిటికంటే తక్కువగా నమోదైంది.

మన దేశం నుంచి జరుగుతున్న పని

మన దేశం అంటార్కిటికాకు మొదటి యాత్రను 1981లో పంపింది. ఎస్.జెడ్. ఖాసిం దానికి నాయకులు. దక్షిణ గంగోత్రి తర్వాత 1989లో మైత్రి, 2012లో భారతి కేంద్రాలు పనిచేయడం మొదలుపెట్టాయి. ఆర్కిటిక్‌లో స్వాల్బార్డ్ దీవుల్లోని నీ-ఒలెసున్‌లో 2008 జూలై 1న హిమాద్రి కేంద్రం తెరిచారు. గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం ఈ పనులు చూస్తుంది.

హిమాద్రి పక్కనే కాంగ్స్‌ఫియోర్డ్ అనే సముద్రపు పాయ ఉంది. హిమానీనదాల నీరు, అట్లాంటిక్ నీరు కలిసే చోటు అది. 2014 జూలైలో అందులో ఇండార్క్ అనే పరికరాల తాడును 192 మీటర్ల లోతున లంగరు వేసి దింపారు. ఏడాది పొడవునా మనిషి లేకుండానే నీటి వేడి, ఉప్పదనం మొదలైనవి నమోదు చేయడానికి. దాని తయారీలో గోవా కేంద్రంతోపాటు చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ పాలుపంచుకున్నాయి. బ్యాక్టీరియా లెక్కకు వెనక ఉండాల్సిన నీటి లెక్క ఇదే.

హైదరాబాదులోని సీసీఎంబీలో ఎస్. శివాజీ బృందం అంటార్కిటికా బ్యాక్టీరియా మీద దశాబ్దాలు పనిచేసింది. మైత్రి ఉన్న షిర్మాకర్ ఒయాసిస్ మట్టి నుంచి వేరుచేసిన ఒక కొత్త జాతికి 1992లో అంటార్కిటికా పేరు కలిపి నామకరణం చేశారు. అది సముద్రపు జీవి కాదు, మట్టిలోది. అయినా చలిలో కణపు పొర బిగుసుకోకుండా, పలచబడిపోకుండా ఎలా నిలుస్తుంది, అందులో రంగు పదార్థాల పాత్ర ఏమిటి అని వారు చేసిన పని, పైన నూనె పోలికతో చెప్పిన సంగతికి సంబంధించినదే. సైన్సు చదవాలనుకునే మన పిల్లలకు ఈ సంస్థలు దూరపువి కావు.

ఆ అమ్మాయికి జవాబు

ఫ్రిజ్‌లో పాలు నిలవ ఉండటానికి కారణం అందులోకి వచ్చిన బ్యాక్టీరియా మన వేడికి అలవాటుపడ్డది కావడం. ఫ్రిజ్‌లో కూడా పాలు ఎల్లకాలం ఉండవు. చలికి ఓర్చుకునే రకాలు నెమ్మదిగానైనా వాటిని చెడగొడతాయి. ధ్రువ సముద్రంలో ఉన్నవన్నీ అలా చలికి కుదిరిన రకాలే. అక్కడ వాటికి అడ్డం వచ్చేది చలి ఒక్కటే కాదు, ఏడాదిలో ఎక్కువ కాలం తిండి దొరకకపోవడం. మంచు మారితే ఆ తిండి మారుతుంది. తిండి మారితే ఎవరు తింటారో, ఎంత గాలికి పోతుందో, పెంగ్విన్ పిల్లకు ఎంత మిగులుతుందో మారుతుంది.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఆఫీసులో రిజిస్టర్లు రాసినవాణ్ణి. ఒక ఏడాది పేజీలు చిరిగిపోతే తర్వాతి ఏళ్ల మొత్తాలు సరిచూడటం ఎంత కష్టమో అనుభవంలో తెలుసు. పామర్ దగ్గర వారానికి రెండుసార్లు పడవ వేసుకుని వెళ్లి నీరు తెచ్చేవారు ఆ ఏడాదికి గొప్ప సంగతి ఏమీ కనిపెట్టకపోవచ్చు. అయినా 1990 నుంచి అలా రాసిపెట్టినందువల్లే, 4 శాతం అన్న మాట ఈరోజు మన చేతిలో ఉంది. రేపు అది 6 అయితే పెరిగిందని చెప్పగలిగేది కూడా ఆ రిజిస్టరు ఉన్నందువల్లే. ఇంట్లో పిల్లలకు ఇది చదివి వినిపించండి. వాళ్లు అడిగే ప్రశ్నలు సంఘానికి పంపితే, తెలిసినవారిని అడిగి ఇక్కడే జవాబు రాస్తాము.